అరవైమూడు శనగలు

ఆర్మీ క్యాంపు, విక్టోరియా
7 జులై 2019, ఆదివారం

పెద్దమ్మా,

ఇక్కడ పొద్దున లేచేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటోంది. నువ్వు పంపిన ఊలు బనీను యూనిఫాం లోపల వేసుకుంటున్నాను. అలా వేసుకోవచ్చో లేదో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వెచ్చగా ఉన్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. నేను ఫోన్ చేస్తే పెదనాన్న పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటారు. నువ్వు "అంతా బానే ఉందమ్మా" అంటావు. ఆయన "వానలు పడుతున్నాయా?" అంటారు. అక్కడితో అయిపోతుంది. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. మీ ఇంట్లో ఉండి హైస్కూల్ చదివిన నాలుగేళ్ళూ ప్రతి శనివారం చెవి మెలిపెట్టి తెలుగు రాయించింది నువ్వే కనుక, ఇందులో తప్పులుంటే వాటిలో సగం నీవి.

నేను ఆర్మీ డాక్టరునవుతున్నానని చర్చిలో చెబుతున్నావట. బ్లాక్‌టౌన్ నుంచి అమ్మ ఫోన్ చేసి నవ్వింది. డాక్టరు కాదు పెద్దమ్మా. థెరపీ అసిస్టెంట్. దెబ్బలు తగిలిన సైనికులకి చొక్కా తొడుక్కోవడం, టీ పెట్టుకోవడం, బూట్లు కట్టుకోవడంలాంటి రోజువారీ పనులు మళ్ళీ అలవాటు చేయించాలి. థెరపిస్టు ప్లాను వేస్తుంది, నేను పక్కన నిలబడి చేయిస్తాను. రెండేళ్ళు స్టోర్స్‌లో దుప్పట్లు సర్దిన దాన్ని, నాకిది ఎంత ఇష్టంగా ఉందో చెప్పలేను. పరీక్ష తప్పితే మళ్ళీ దుప్పట్ల దగ్గరికే పంపిస్తారు.

ఒక సాయం కావాలి. మాకు తెలిసిన ఒక మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్న భోజనం దాకా తనంతట తాను ఏమేం చేసుకుంటాడో రాసుకు రమ్మన్నారు. పెదనాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది కదా, ఆయన్ని ఎంచుకున్నాను. పేరు రాయనులే. నువ్వు చూసింది చూసినట్టు రాసి పంపు.

నీ షారన్

*

పియారా వాటర్స్, పెర్త్
16 జులై 2019

షారన్ తల్లికి,

ప్రభువు దయవల్ల మేమిద్దరం, మన కరివేపాకు మొక్కా క్షేమం. మొక్కకి ఈ చలికి రెండు కొమ్మలు ఎండాయి, మాకు ఏమీ ఎండలేదు.

డాక్టరు కాదంటే ఇప్పుడు రాజారావుగారి భార్యకి ఏమని చెప్పను? నువ్వు సెలవులకు రాగానే మోకాళ్ళకి మందు రాయించుకుంటానని కాచుకుని కూర్చుంది. సరే, సగం డాక్టరు అని చెబుతాను.

టీ పెట్టుకోవడం నేర్పడానికి గవర్నమెంటు కోర్సు పెట్టిందంటే మీ పెదనాన్న పడీపడీ నవ్వుదురు. అందుకే ఆయనకి చెప్పలేదు. నువ్వడిగిన జాబితా ఇదిగో.

ఆరు గంటలకు లేస్తారు. పళ్ళు తోముకుంటారు. స్నానం చేస్తారు. చొక్కా, ప్యాంటు వేసుకుంటారు. తల దువ్వుకుంటారు. ప్రార్థన చేసుకుని కాఫీ తాగుతారు. ఇంటి ముందు పది నిమిషాలు నడుస్తారు. పన్నెండున్నరకి భోజనం చేస్తారు. ఒక నారింజ తింటారు. పడుకుంటారు. కుడిచెయ్యి ఇంకా కాస్త బరువుగా ఉందంటారు కానీ, దేవుడి దయవల్ల అన్నీ తనే చేసుకుంటారు.

ఆదివారం ఆరాధనకు తప్పకుండా వెళ్తున్నాం. నెలకోసారి ఆరాధన అయ్యాక హాల్లో ప్రేమవిందు పెడతారు కదా, దానికి మాత్రం ఉండట్లేదు. షుగరని అందరికీ చెప్పి మీ పెదనాన్న కారెక్కేస్తారు. నేను మా ఇద్దరి వంతూ డబ్బాలో తెచ్చుకుంటాను. నలుగురిలో తినడానికి మొహమాటపడుతున్నారని నా అనుమానం. ఇది మీ సైన్యానికి రాయకు.

బనీను మెడ దగ్గర కుట్టు ఊడితే చెప్పు.

నీ పెద్దమ్మ
అమృతం

*

క్యాంపు
28 జులై 2019

పెద్దమ్మా,

నీ జాబితా ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. మా సార్జెంట్ డేనీ అని ఒకావిడ ఉంది. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం మైదానం అవతలికి వినిపిస్తుంది. కాగితమంతా ఎర్ర పెన్సిల్‌తో నింపి తిరిగిచ్చింది. చొక్కా అల్మరాలోంచి ఎవరు తీశారు? బొత్తాలు ఎవరు పెట్టారు? నారింజ ఎవరు వలిచారు? చివర్న పెద్ద అక్షరాలతో, "ఈ గదిలో ఇంకొకరున్నారు. ఆ మనిషి ఎవరు?" అని రాసింది.

"ఇవన్నీ ఒక్కడే చేసుకుంటే ఆయనకి నీతో పనేముంది? వెళ్ళి నిజం కనుక్కుని రా," అంది.

నేను క్రిస్మస్‌కి వచ్చిన మూడు రోజులూ పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కుర్చీలో కూర్చుని కనిపించారు. బాగున్నారనుకుని వెళ్ళిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన కుర్చీలోంచి లేవగా చూసిన గుర్తు లేదు.

దయచేసి నిజం రాయి పెద్దమ్మా. ఆయన్నెవరూ తక్కువగా చూడరు.

నీ షారన్

*

పియారా వాటర్స్
6 ఆగస్టు 2019

షారన్‌కి,

నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో నన్ను అబద్ధాలకోరని మా అత్తగారు కూడా అనలేదు. నేను పెంచుకున్న పిల్లవి, నువ్వన్నావు.

నారింజ వలవడం కూడా ఒక పనేనా? ఇంట్లో మనిషి నారింజ వలిచిందని ఆరా తీసే ఉద్యోగం సైన్యంలో ఉందని నాకు తెలియదు. మీ సార్జెంటమ్మకి పెళ్ళయిందా?

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

అమృతం

బనీనుకి వేడినీళ్ళు తగలనివ్వకు, కుంచించుకుపోతుంది.

*

క్యాంపు
20 ఆగస్టు 2019

పెద్దమ్మా,

నీ కోపం న్యాయమే. నేను రాసిన తీరు బాగాలేదు. ఇప్పుడు నా సంగతి చెబుతాను, విని నవ్వుకో, నీ కోపం తగ్గుతుంది.

పోయిన గురువారం పరీక్ష పెట్టారు. మార్క్ అని ఒకతను, లారీ వెనక తలుపు పడి కుడిచెయ్యి నలిగింది. ఎముకలు అతుక్కున్నాయి కానీ వేళ్ళింకా మాట వినవు. అతను టోస్టు చేసుకుని టీ పెట్టుకోవాలి, నేను పక్కన నిలబడాలి. ప్రమాదమైతే తప్ప ముట్టుకోకూడదు. అంతా చక్కగా జరిగిందనుకున్నాను.

"నువ్వు చేతులతో ఏం చేశావు?" అని సార్జెంట్ అడిగింది.

"ఏమీ చేయలేదు సార్జెంట్," అన్నాను. ఒట్టు పెద్దమ్మా, నాకు అలాగే గుర్తుంది.

వీడియో తీశారట, వేసి చూపించారు. జామ్ సీసా మూత నేను తిప్పాను. టీ సంచి దారం నేను విప్పాను. అతను చెంచా కోసం చూడకముందే చెంచా అతని ముందుకి జరిపాను. అతను ఆయాసపడుతుంటే చొక్కా మీద పడిన రొట్టెపొడి కూడా దులిపాను. మొత్తం పదకొండుసార్లు. నాకు ఒక్కటి కూడా తెలియదు. ఆ తెరమీద చేతులు చూస్తుంటే నావి అనిపించలేదు, నీవనిపించాయి. నేను పరీక్షలకి చదువుకుంటుంటే పుస్తకం మీదనుంచి తల ఎత్తకుండా నా నోట్లో ఇడ్లీ ముక్క పెట్టిన చేతులు.

తప్పాను. నవంబరులో ఇంకొక్క అవకాశం ఇస్తారు. అప్పుడూ తప్పితే స్టోర్స్.

నువ్వు అబద్ధం రాశావని ఇప్పుడు అనుకోవట్లేదు. నేనూ సార్జెంట్‌కి అబద్ధం చెప్పలేదు కదా.

నీ షారన్

*

పియారా వాటర్స్
5 సెప్టెంబరు 2019

షారన్ తల్లికి,

ఉత్తరం అందింది. పదకొండుసార్లనే చోట రెండోసారి చదివాను. నవ్వొచ్చింది, ఆ తర్వాత ఎందుకో కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

నేను నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నువ్వే తప్పని చూపిద్దామనే మొదలుపెట్టాను. బుధవారం పొద్దున వంటింటి గట్టు మీద ఒక గిన్నె పెట్టి, పక్కన శనగల డబ్బా పెట్టుకున్నాను. ఆయన పనిలో నా చెయ్యి పడ్డ ప్రతిసారీ గిన్నెలో ఒక శనగ. సాయంత్రానికి మహా అయితే నాలుగో అయిదో ఉంటాయి, వాటిని కవర్లో వేసి మీ సార్జెంటమ్మకి పోస్టు చేద్దామనుకున్నాను.

మొదటి శనగ ఆయన లేవకముందే పడింది, దుప్పటి తీసినందుకు. టూత్‌పేస్టు మూతకి ఒకటి. తువ్వాలు అందించినందుకు ఒకటి. వీపు రుద్దినందుకు వేయాలా వద్దా అని నిలబడి ఆలోచించి వేశాను. బొత్తాలకి ఏడు. దువ్వెనకి ఒకటి. కాఫీ కప్పు చెవి ఎడమచేతి వైపు తిప్పి పెట్టినందుకు ఒకటి, అది నేను చేస్తానని ఆ రోజే తెలిసింది. భోజనం కలిపి ముద్దలు పెట్టి తినిపించినదంతటికీ కలిపి ఒక్క శనగే వేశాను. అంటే ఇందులోనూ తక్కువ లెక్కే చెప్పానన్నమాట. నారింజకి ఒకటి వేయక తప్పలేదు.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక గిన్నె ఒంపి లెక్కపెట్టాను. అరవైమూడు.

నేను అబద్ధం రాయలేదు తల్లీ. నన్ను నేను అందులో వేసుకోలేదు, అంతే. ఆయన స్నానం చేశారు అంటే మా ఇద్దరికీ అర్థం అదే.

ముందు గర్వమేసింది. మా ఆయన్ని అరవైమూడు చోట్ల పట్టుకుని నిలబెడుతున్నానని. రెండింటికి నా కంచం ముందు కూర్చున్నాక భయమేసింది. నేనెప్పుడూ ఆయనది అయ్యాకే తింటాను, అప్పటికి అన్నం చల్లారి ఉంటుంది, అది నాకు అలవాటే. ఆ చల్లటి అన్నం కలుపుతూ అనుకున్నాను, ఈ శనగలన్నీ ఆయనే తీసేసుకుంటే ఇక ఈ ఇంట్లో నేనెందుకు అని. ఈ మాట ఇంకెవరితోనూ అనలేదు. నీకైనా రాయకూడదేమో. రాసేశాను.

ఇప్పుడేం చేయమంటావు?

నీ పెద్దమ్మ
అమృతం

*

క్యాంపు
15 సెప్టెంబరు 2019

పెద్దమ్మా,

మీ ఇంట్లో నువ్వెందుకు అన్న ప్రశ్న నాకు వింతగా ఉంది, ఎందుకంటే నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఉన్నది నీకోసమే. పెదనాన్నకి చెప్పకు.

నేను ఇంకా విద్యార్థినే కనుక, పెదనాన్నని చూసే క్లినిక్ అమ్మాయిని ముందు అడుగు. ఆవిడ వచ్చినప్పుడు ఈసారి కాఫీ ఇచ్చి "అంతా బానే ఉంది" అని పంపేయకుండా, శనగల సంగతి చెప్పు. ఆవిడ సరేనంటేనే మొదలుపెట్టు. ఒకేసారి అరవైమూడూ కాదు. ఒక్క శనగ తీసి ఆయనకివ్వు, అది కుదిరాక ఇంకొకటి.

తినడం గురించి మా క్లాసులో చెప్పింది ఫోర్కూ కత్తీతో. అన్నం చేత్తో కలుపుకుని తినడం ఎన్ని మెట్లో ఎవరికీ తెలియదు. నేను క్యాంటీన్‌లో బంగాళాదుంప ముద్ద పెట్టుకుని సార్జెంట్‌కి చేసి చూపించాను. కలపాలి, వేళ్ళ కొసలతో దగ్గరికి తీయాలి, నొక్కాలి, ఎత్తాలి, చివర్న బొటనవేలితో లోపలికి తోయాలి. ఆ బొటనవేలి దగ్గర సార్జెంట్ ఓడిపోయింది. ముద్ద ఒళ్ళో పడింది. మొత్తం క్యాంటీన్ చప్పట్లు కొట్టింది. ఆవిడ ప్యాంటు తుడుచుకుని, "ఇది రాసివ్వు, పాఠంలో పెడతాను," అంది.

పెదనాన్నకి అంచు ఎత్తుగా ఉన్న కంచం పెట్టు. కంచం కింద తడిగుడ్డ వెయ్యి, జారదు. పప్పు గట్టిగా ఉండనీ, అన్నం కాస్త మెత్తగా.

ఇక నీ చేతులు. నాకూ అదే కష్టం. యూనిఫాంలో ఉండగా జేబుల్లో పెట్టుకోవడానికి వీల్లేదు. అప్పుడు తట్టింది, ఆర్మీలో చేరిన మొదటి నెలంతా మైదానంలో మాకు నేర్పింది ఒక్కటే, కాళ్ళు ఎడంగా పెట్టి చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని కదలకుండా నిలబడటం. ఎండలో నిలబడి తిట్టుకున్న ఆ డ్రిల్లే ఇప్పుడు నన్ను కాపాడుతోంది. మార్క్ ముందు అలాగే నిలబడుతున్నాను. నువ్వూ చెయ్యి. చేతులు వెనక్కి. మనసులో ఇరవై లెక్కపెట్టు.

నీ షారన్

*

పియారా వాటర్స్
2 అక్టోబరు 2019

షారన్ తల్లికి,

క్లినిక్ అమ్మాయి గిన్నె చూసి నన్ను కౌగలించుకుంది. ఎందుకో తెలియలేదు, నేనూ కౌగలించుకున్నాను. తినడంతోనే మొదలుపెట్టమంది, చొక్కా బొత్తాల గురించి కూడా ఏదో చిట్కా చెప్పింది.

మొదటి వారం మెల్లగా నడిచింది. నేను వంటింటి గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడితే మీ పెదనాన్న "ఏంటే, సెంట్రీ డ్యూటీయా?" అని నవ్వారు. సగం అన్నం కింద పోయింది, పోనీ అనుకున్నాను. ఇరవై లెక్కపెట్టమన్నావు, నేను మూడొందలదాకా లెక్కపెట్టిన రోజులున్నాయి.

తర్వాత గొడవైంది. ఆయన బిస్కెట్ల కోసం వెతుకుతూ శనగల గిన్నె చూశారు. ఇదేమిటన్నారు. నేను తడబడి, మీకు చేసే పనులు లెక్కపెట్టానండి అనేశాను. ఆయన మొహం ఎలా అయిపోయిందో నేను రాయలేను.

"నా చాకిరీ అంత బరువైపోయిందా నీకు? లెక్కలు రాసి ఎవరికి పంపుతున్నావు?"

"షారన్‌కండి. కోర్సు కోసం."

"అంటే నా బతుకు ఆస్ట్రేలియా సైన్యానికి తెలుసు, నాకు తెలియదు."

అంతే. నాలుగు రోజులు మాట్లాడలేదు. నన్ను ఒక్క పనీ ముట్టుకోనివ్వలేదు. బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, ఎగుడుదిగుడు చొక్కాతోనే వీధిలో నడిచి వచ్చారు. ఆ కోపంలోనే కంచం ముందు కూర్చుని, నలభై నిమిషాలు పట్టినా సరే, అన్నమంతా తన చేత్తోనే తిన్నారు. ఆఖరి ముద్ద నావైపు చూస్తూ తిన్నారు. మీ కోర్సులో కోపానికి మార్కులుంటే మీ పెదనాన్న ఫస్టు.

నిన్న మాటలు కలిశాయి. నవంబరు ఇరవైనాలుగున మన చర్చి సంఘం కోత పండుగ. చేత్తో తింటున్నారు కదా, ఇక మొహమాటం దేనికి, ఈసారి భోజనానికి ఉందామండీ అన్నాను. రానన్నారు. ఎందుకంటే చెప్పరు. షారన్, నేను ఆ విందు కోసమే కదా ఇదంతా పడ్డాను. ఆయన్ని మళ్ళీ అందరి మధ్యా చూడాలని. నాకు చాలా నిరుత్సాహంగా ఉంది.

అమృతం

*

క్యాంపు
13 అక్టోబరు 2019

పెద్దమ్మా,

నీ ఉత్తరంలో సంగతి సార్జెంట్ డేనీకి చెప్పాను, పేర్లు లేకుండా. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది. "ఆయనకి ఏం కావాలట?"

కోర్సు మొదటిరోజు బోర్డు మీద రాసింది ఈ ప్రశ్నే. మార్క్‌ని మొదటి గంటలోనే అడిగాను. యూనిఫాం చొక్కా తనే తొడుక్కోవాలని అన్నాడు. పెదనాన్నని మాత్రం ఈ మూడు నెలల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వూ అడగలేదు. తినడం కావాలని మనమిద్దరమే అనుకున్నాం.

దీనితో ఇంకో కాగితం విడిగా కవర్లో పెట్టాను. అది ఆయన చేతికివ్వు. విప్పడానికి సాయం చేయకు.

నీ షారన్

(ఆ కాగితం)

పెదనాన్నా,

మిమ్మల్ని అడగకుండా మీ గురించి రాయించుకున్నాను. తప్పు నాది, పెద్దమ్మది కాదు. ఆవిడ శనగలు లెక్కపెట్టింది నేను తప్పని చూపించడానికి, మీ చాకిరీ బరువై కాదు.

మీకు ఆ చేత్తో మళ్ళీ ఏం చేయాలని ఉంది? ఒక్కటి చెప్పండి. పెద్దదైనా, చిన్నదైనా, పిచ్చిదైనా. అది మేం మంచిదా కాదా అనం. ఎలా చేయాలో మాత్రం చూస్తాం.

మీ షారన్

*

పియారా వాటర్స్
27 అక్టోబరు 2019

షారన్ తల్లికి,

కాగితం ఆయనకిచ్చాను. కవరు పళ్ళతో చింపారు, నేను చేతులు వెనక్కి పెట్టుకునే ఉన్నాను. చదివి జేబులో పెట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయారు. శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ అన్నారు.

"గరిటె."

"ఏ గరిటండీ?"

"పప్పుచారు గరిటె. కోత పండుగకి."

పాలకొల్లులో ఉన్నప్పటినుంచీ, ఇక్కడికి వచ్చి పధ్నాలుగేళ్ళు స్కూల్ బస్సు నడిపినప్పుడూ, సంఘంలో ఏ భోజనమైనా పప్పుచారు వడ్డించేది ఆయనే కదా. నీకు గుర్తుందో లేదో, పిల్లలకి అడుగునుంచి ముక్కలు తీసి వేసేవారు. ఇప్పుడు రాజారావుగారు వడ్డిస్తున్నారు, పైపైన నీళ్ళు తేల్చి పోస్తారు.

"తినడానికి మొహమాటమనుకున్నానండీ నేను," అన్నాను.

"తినడానికేముందే? అది నాకు కూర్చుని తినే చోటు కాదు. నిలబడి పెట్టే చోటు. గోడవారన కూర్చుని రాజారావు పోసే నీళ్ళచారు తినమంటావా?"

పదకొండు నెలలు పక్కనే ఉండి నాకు తెలియలేదు చూడు. ఆయన్ని ఒక్కసారి అడిగితే తెలిసిపోయేది. అడగడం నాకు తట్టలేదు, చేయడమే తట్టింది.

క్లినిక్ అమ్మాయికి చెబితే సంబరపడి, గరిటె కాడ లావుగా చేయమంది. నా పాత వెంకటగిరి చీర అంచు చింపి కాడకి చుట్టి కుట్టేశాను. రోజూ సాయంత్రం పెరట్లో బక్కెట్టు నిండా నీళ్ళు పెట్టుకుని, బల్లకి ఆనుకుని నిలబడి, గరిటెతో కరివేపాకు కుండీలో పోస్తున్నారు. మొక్క కుళ్ళిపోతుందేమోనని నా బెంగ. నోరెత్తట్లేదు.

నీ పరీక్ష ఎప్పుడు? ప్రార్థనలో పెట్టాను.

అమృతం

*

క్యాంపు
14 నవంబరు 2019

పెద్దమ్మా! పెదనాన్నా!

పాసయ్యాను.

మార్క్ యూనిఫాం చొక్కా తొడుక్కోవాలి. నేను రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి. ఎనిమిది బొత్తాలు. మూడోదాన్ని తప్పు కన్నంలో పెట్టాడు. నాకు చెమటలు పట్టాయి. పెద్దమ్మ మూడొందలదాకా లెక్కపెట్టింది, నాకేం తక్కువ అనుకుని లెక్కపెడుతూ నిలబడ్డాను. ఎనిమిదోది పెట్టాక అద్దంలో చూసుకుని, ఒక బూతు మాట అని, అన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి సరిగ్గా వచ్చాయి. "సాయం చేయనందుకు థాంక్స్ మేట్," అన్నాడు. నేను బయటికి వెళ్ళి ఏడ్చాను. సంతోషం పెద్దమ్మా, కంగారుపడకు.

సార్జెంట్ డేనీ నా కాగితం మీద ఈసారి ఎర్ర పెన్సిల్ పెట్టలేదు. పప్పుచారు ఎలా చేస్తారని మాత్రం అడిగింది.

కోత పండుగకి నేను రాలేను, ఆ వారమంతా డ్యూటీ. ఏం జరిగినా జరిగింది జరిగినట్టు రాయి. ఈసారి నిన్ను కూడా వేసి రాయి.

మీ షారన్

*

పియారా వాటర్స్
26 నవంబరు 2019

షారన్ తల్లికి,

నువ్వు పాసైన సంగతి సంఘంలో లేచి, దేవుడు చేసిన మేలని సాక్ష్యంగా చెప్పాను. రాజారావుగారి భార్య మోకాళ్ళ మందు అడగడం మానేసింది. వాళ్ళాయన బొత్తాలు తనే పెట్టుకునేలా చేస్తావా అని అడుగుతోంది. ఆయనకి ఏ జబ్బూ లేదు.

ఇక కోత పండుగ. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎండ ముప్పైయెనిమిది. పొద్దున చొక్కా ఆయనే తొడుక్కున్నారు, పై బొత్తం నన్ను పెట్టమన్నారు. అడిగితే పెట్టాను. ఆరాధన అయ్యాక అందరూ తెచ్చిన పంట కానుకలు వేలం వేశారు, మన కరివేపాకు కట్ట రెండు కుటుంబాలు పోటీపడి పాడుకున్నాయి. మొక్క కుళ్ళలేదు, గుబురుగా పెరిగింది.

భోజనాల వేళ మీ పెదనాన్న కారువైపు వెళ్ళలేదు. చీర అంచు చుట్టిన గరిటె పట్టుకుని పప్పుచారు గిన్నె వెనక్కి వెళ్ళి బల్లకి ఆనుకుని నిలబడ్డారు. రాజారావుగారు మంచి మనసుతోనే, "మీకెందుకండీ శ్రమ, ఇలా ఇవ్వండి," అని గరిటె అందుకోబోయారు.

"చేతులు వెనక్కి," అన్నారు ఈయన.

రాజారావుగారు నిజంగానే వెనక్కి పెట్టుకున్నారు. మిగతావాళ్ళకి అర్థం కాలేదు, నాకు మాత్రం నవ్వాగలేదు.

మొదట్లో ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పోశారు. బల్ల మీద కొంత, గిన్నె అంచు మీద కొంత పోయింది. పిల్లలొచ్చేసరికి ఎడమచెయ్యి తీసేశారు. అడుగునుంచి ముక్కలు తీసి మరీ వేశారు. వరస నెమ్మదిగా కదిలింది, వెనకవాళ్ళు ఓపిక పట్టారు.

నేను వంటగదిలోనే ఉందామనుకున్నాను. ఎప్పుడూ అక్కడే ఉంటాను కదా. నలభై ఒక్క ఏళ్ళలో ఆయన ఊరందరికీ వడ్డించారు, నేను లోపల గిన్నెలు నింపుతూ ఉండేదాన్ని, ఒక్కసారి కూడా ఆ వరసలో నిలబడలేదు. ఇప్పుడు లోపల చేయడానికి ఏమీ మిగల్లేదు, అంతా అమ్మాయిలే చూసుకుంటున్నారు. ఒక కంచం తీసుకుని అందరి వెనకా నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. ఆయన తలెత్తి చూసి, నన్నెరగనట్టు కంచంలోకి చూశారు. గరిటె ముంచి, ఎత్తి, తెచ్చి, అన్నం మీద పోశారు. కొంచెం నా చీర మీద పడింది. కంచం ఎడమచేతిలో ఉంది, కుడిచెయ్యి దానంతటదే లేచింది. దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"చాలాండీ?" అన్నారు, పరాయివాళ్ళని అడిగినట్టు.

"ఇంకొంచెం వెయ్యండి," అన్నాను.

ఇంకొంచెం వేశారు. రెండు ములక్కాడ ముక్కలు కూడా.

నేనెందుకు అని ఆ రోజు భయపడ్డానని రాశాను కదా. దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను, పూర్తిగా పోలేదు. ఆ అరవైమూడు శనగలూ నిన్న నానబెట్టి గుగ్గిళ్ళు చేశాను, ఇద్దరం తిన్నాం, గిన్నె కడిగి బోర్లించాను. కానీ ఆదివారం మాత్రం ఆ కంచం తీసుకుని వెళ్ళి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, ఆయన ఇంకా వడ్డిస్తుండగానే తినడం మొదలుపెట్టాను. ఆయనకన్నా ముందు.

అన్నం పొగలు కక్కుతోంది షారన్. నాకు అలవాటు తప్పి ఊదుకోవడం మర్చిపోయాను. నాలుక కాలింది.

నీ పెద్దమ్మ
అమృతం